ఆ జీతం నలుగురికి సరిపోతుందా?

చిరంజీవికి ఆశీస్సులు.

రెండు మూడు దేశాల కంపెనీలతో మాటలు నడుస్తున్నాయనీ, ఎంత జీతం ఇస్తే భార్యాపిల్లలతో సహా వెళ్లిపోవచ్చో చెప్పమనీ రాశావు. ఇంత ఇస్తే వెళ్లు, అంతకు తక్కువైతే వద్దు అని ఒక అంకె చెప్పడం నాకు సులువే, కానీ అది నీకు పనికిరాదు. ఒంటరిగా వెళ్లేవాడు హాయిగా బతికే జీతంతోనే నలుగురున్న కుటుంబం నెలాఖరుకు చేయి చాచవలసి రావచ్చు. కాబట్టి నువ్వు సమాధానం రాబట్టవలసిన ప్రశ్న వేరు. నీ ఒక్కడి సంపాదనతో, ఆ దేశంలో నువ్వు ఉండబోయే ఆ ఊళ్లోనే, మొదటి ఏడాది రాయితీలు అయిపోయాక, నలుగురూ ఇప్పటి కంటే తక్కువ కాని విధంగా బతికితే నెలకు ఎంత మిగులుతుంది? ఈ మిగులు అంకె కాగితం మీదికి రానంత వరకూ ఏ ఆఫర్‌కూ మాట ఇవ్వవద్దు.

అన్నిటి కంటే ముందు, ఆ జీతాన్ని ఇవాళ్టి మారకపు రేటుతో స్వదేశపు డబ్బులోకి మార్చి చూసుకునే అలవాటు మానుకో. మారకపు రేటు దేశాల మధ్య తిరిగే సరుకులనూ పెట్టుబడులనూ బట్టి ఏర్పడుతుంది. ఇంటద్దె, పసిపిల్లల సంరక్షణ, మంగలి పని, ప్లంబరు పని వంటివి సరిహద్దు దాటవు, కనుక వాటి ధరలకు ఆ రేటుతో సంబంధం ఉండదు. కుటుంబం ఎక్కువగా ఖర్చు పెట్టేది సరిగ్గా వీటి మీదే. ప్రపంచ బ్యాంకు వంటి సంస్థలు లెక్కగట్టే కొనుగోలు శక్తి గణాంకాలు కొంత మెరుగైన ఆనవాలు ఇస్తాయి, అయితే అవి దేశం మొత్తానికి సగటులు. రాజధానిలో అద్దెకుండబోయేవాడికి దేశపు సగటు భరోసా కాదు. మార్చి చూసుకోవలసినది ఒక్కటే: అన్ని ఖర్చులూ పోయాక అక్కడ మిగిలే సొమ్ము. దాన్ని ఇప్పుడు ఇక్కడ మీ ఇద్దరికీ కలిపి మిగులుతున్న సొమ్ముతో పోల్చు. జీతాన్ని జీతంతో పోల్చడం వల్లనే చాలామంది పొరబడతారు.

ఇక ఆఫర్ లెటరును చేతిలోకి తీసుకుని మాట మాటా చదువు. వార్షిక ప్యాకేజీ అని రాసిన అంకెలో ఏమేమి కలిసి ఉన్నాయన్నది ఒక్కో దేశంలో ఒక్కో రకంగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో 2025 జూలై నుంచి యజమాని జీతం మీద 12 శాతం పదవీ విరమణ నిధికి కట్టాలి. లెటరులో 1,12,000 డాలర్లు 'సూపర్‌తో కలిపి' (సూపర్ అంటే ఈ నిధే) అని ఉంటే అసలు జీతం 1,00,000 మాత్రమే, మిగతా 12,000 ఇప్పట్లో నీ చేతికి రాదు. తాత్కాలిక వీసా మీద ఉన్నవాడు దేశం విడిచి వెళ్లేటప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు గానీ అందులోంచి పన్ను పోతుంది. ఆస్ట్రియాలో ఏడాదికి 14 జీతాలు ఇవ్వడం ఆనవాయితీ కాబట్టి వార్షిక జీతాన్ని 12తో భాగించి ఇంటి బడ్జెట్ వేసుకుంటే నెలనెలా తక్కువ పడుతుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో జీతం మీద ఆదాయపు పన్ను లేదు, కానీ అక్కడ చూడవలసినది మూల వేతనం ఎంత, అలవెన్సులు ఎంత అన్నది. ఉద్యోగం విడిచే రోజున ఇచ్చే గ్రాట్యుటీని సాధారణంగా మూల వేతనం మీదే, మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున, ఆపై 30 రోజుల చొప్పున కడతారు. మొత్తం జీతం ఒకటే అయినా, మూల వేతనం తక్కువగా రాసిన లెటరు నీకు నష్టమే.

మొదటి ఏడాది రాయితీలు అయిపోయాక లెక్క చూడమని ఎందుకన్నానంటే, జపాన్‌లో స్థానిక నివాస పన్నును అంతకు ముందు ఏడాది ఆదాయం మీద వేస్తారు. కొత్తగా వెళ్లినవాడికి మొదట్లో ఆ కోత ఉండదు కనుక చేతికొచ్చే జీతం నిండుగా కనిపిస్తుంది. మరుసటి సంవత్సరం జూన్ నుంచి సుమారు 10 శాతం పన్ను మొదలవుతుంది, జీతం తగ్గిందేమిటని అప్పుడు కంగారు పడతారు. నెదర్లాండ్స్‌లో విదేశీ నిపుణులకు జీతంలో కొంత భాగం మీద పన్ను మినహాయింపు ఉంది, అది గరిష్ఠంగా 5 ఏళ్లే. ఆ మినహాయింపును నమ్ముకుని ఇల్లు కొనుక్కుంటే ఆరో ఏట వాయిదా భారమవుతుంది.

పన్నులో కుటుంబం స్థితి కూడా చూస్తారు. ఇద్దరు పిల్లలున్న, ఒక్కరే సంపాదించే దంపతులకు పన్నులు పోను ఎంత మిగులుతుందో ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సంస్థ ఏటా దేశాల వారీగా ప్రచురిస్తుంది, నీ పరిస్థితికి దగ్గరగా ఉండే వరుస అదే. జర్మనీలో నెలనెలా జీతంలోంచి ఎంత పన్ను కోయాలన్నది పన్ను తరగతిని బట్టి ఉంటుంది. ఒక్కరే సంపాదించే దంపతులు మూడో తరగతిని ఎంచుకుంటే నెలనెలా చేతికొచ్చే జీతం గణనీయంగా పెరుగుతుంది, అయితే భార్య ఆ దేశానికి వచ్చి కాపురం పెట్టేదాకా నీకు మొదటి తరగతే వర్తిస్తుంది. ముందు ఒక్కడివే వెళ్లాలనుకుంటే ఈ తేడా నీ లెక్కలోకి రావాలి.

ఇంటద్దె దగ్గర కాస్త ఓపిక పట్టు. అందరూ ఆఫీసు నుంచి మొదలుపెట్టి ఇల్లు వెతుకుతారు, పిల్లలున్నవాడు బడి నుంచి మొదలుపెట్టాలి. ప్రభుత్వ బడుల్లో ప్రవేశం నివాస ప్రాంతాన్ని బట్టి ఉండే చోట మంచి బడి ఉన్న పేటలో అద్దె కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. గల్ఫ్ దేశాల్లో విదేశీయుల పిల్లలు చాలావరకు ప్రైవేటు బడులకే వెళ్తారు, అక్కడ ఫీజు అద్దె తర్వాత రెండో పెద్ద ఖర్చవుతుంది. పన్ను లేదన్న సంతోషంలో చాలామంది దాన్ని మరిచిపోతారు. బడి తేలాక, దాని చుట్టుపక్కల నలుగురికి సరిపడే ఇళ్ల ప్రకటనలు పది చూడు, వాటిలో చవకైనదాన్ని కాదు, మధ్యస్థంగా ఉన్నదాన్ని తీసుకో. ప్రకటనలో ఏమి కలిసిందో కూడా చదువు. జర్మనీలో 'కోల్డ్ రెంట్' అని రాసిన దానికి హీటింగు, నిర్వహణ ఖర్చులు కలిపితే గానీ 'వార్మ్ రెంట్' రాదు, ఆ తర్వాత కరెంటు, ఇంటర్నెట్ విడిగా కట్టుకోవాలి. చాలా ఇళ్లలో వంటగది అంటే నాలుగు గోడలూ ఒక నీటి గొట్టమూ తప్ప మరేమీ ఉండదు, పొయ్యి, సింకు, అల్మరాలు నువ్వే అమర్చుకోవాలి. నీ జీతానికి ఆ ఇల్లు తగునా అన్నది ఇంటి యజమానులే ఒక పద్ధతిలో చెబుతారు. బ్రిటన్‌లో ఏజెన్సీలు సాధారణంగా నెలసరి అద్దెకు 30 రెట్లు వార్షిక జీతం ఉండాలంటాయి, అమెరికాలో చాలాచోట్ల నెల అద్దెకు మూడు రెట్లు నెల ఆదాయం అడుగుతారు. మీకు నిజంగా సరిపోయే ఇంటికి ఆ కొలతలో నీ జీతం నిలవకపోతే, జీతం చాలడం లేదనే అర్థం.

ఇప్పుడు నీ భార్య సంగతి. నువ్వు రాసిన ఉత్తరంలో నన్ను అన్నిటి కంటే ఎక్కువ ఆలోచింపజేసినది, 'తను కూడా అక్కడ ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటుంది' అన్న వాక్యం. అది లెక్క కాదు, ఆశ. అమెరికాలో హెచ్-1బి వీసా మీద వెళ్లినవాడి భార్యకు వచ్చే హెచ్-4 వీసాతో, గ్రీన్‌కార్డు ప్రక్రియలో భర్త ఒక దశ దాటితే తప్ప పని చేసే అనుమతి రాదు. ఆ వెసులుబాటు కూడా 2015లో వచ్చినదే. సింగపూరులో ముందు నీ స్థిర నెల జీతం కనీసం 6,000 డాలర్లు ఉంటే గానీ భార్యాపిల్లలకు డిపెండెంట్ పాస్ ఇవ్వరు, ఆ పాస్ మీద వచ్చినవారు ఉద్యోగం చేయాలంటే వేరే వర్క్ పాస్ సంపాదించుకోవాలి. జర్మనీలో బ్లూ కార్డు (విదేశీ నిపుణులకు ఇచ్చే నివాస, ఉద్యోగ అనుమతి) ఉన్నవారి జీవిత భాగస్వామి వచ్చిన నాటి నుంచే పని చేయవచ్చు, కానీ అనుమతి ఉండటం వేరు, భాష రాని చోట తన చదువుకు తగిన ఉద్యోగం దొరకడం వేరు. చట్టం ఎంత ఉదారంగా ఉన్నా మొదటి ఏడాది ఆమె ఆదాయాన్ని సున్నాగానే వేసుకో. ఇప్పుడు ఇక్కడ ఆమె తెచ్చే జీతాన్ని మాత్రం ఇక్కడి మిగులు లెక్కలో పూర్తిగా ఉంచు, కొత్త ఆఫర్ వల్ల పోయే సొమ్ము అది. ఆ పోలిక తర్వాత చాలా ఆఫర్లు మునుపటి అంత గొప్పగా కనిపించవు. రేపు ఆమె ఉద్యోగంలో చేరినా చిన్నవాడిని డే కేర్‌లో వేయక తప్పదు, ఆ ఖర్చు ఆమె జీతంలో పెద్ద వాటానే తీసుకోవచ్చు. డబ్బు మాట అలా ఉంచితే, ఇన్నేళ్లు కష్టపడి నిలబెట్టుకున్న వృత్తి ఆమెది. ఈ లెక్క మీరిద్దరూ ఒక చోట కూర్చుని వేయవలసినదే తప్ప, నువ్వు వేసి ఆమెకు చూపించవలసినది కాదు.

మనిషికింత అని పడే ఖర్చులను కుటుంబాలు ముందుగా ఊహించవు. బ్రిటన్‌కు సాధారణ స్కిల్డ్ వర్కర్ వీసా మీద వెళ్తే, అక్కడి ప్రభుత్వ వైద్య సేవల కోసం కట్టే ఆరోగ్య సర్‌చార్జి పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు, 18 ఏళ్ల లోపువారికి 776 పౌండ్లు. మూడేళ్ల వీసాకు మీ నలుగురికీ కలిపి అది 10,866 పౌండ్లవుతుంది, పైగా అంతా వీసా దరఖాస్తుతోనే ఒకేసారి కట్టాలి. సౌదీ అరేబియాలో ప్రైవేటు రంగంలో పని చేసే విదేశీయుడు వెంట ఉన్న కుటుంబ సభ్యులు ఒక్కొక్కరికీ నెలకు 400 రియాళ్ల రుసుము కట్టాలి, భార్యకూ ఇద్దరు పిల్లలకూ ఏడాదికి 14,400 రియాళ్లన్నమాట. స్విట్జర్లాండ్‌లో ఆరోగ్య బీమా ప్రీమియం జీతంలోంచి కోసుకోరు, పసిపిల్లతో సహా ఇంట్లో ప్రతి ఒక్కరికీ నువ్వే విడిగా కట్టాలి. జర్మనీ ప్రభుత్వ బీమాలో మాత్రం సంపాదన లేని భార్య, పిల్లలు అదనపు చందా లేకుండానే చేరిపోతారు. కాబట్టి రెండు దేశాల నికర జీతాలు పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు బీమా అందులోంచి పోయిందా, ఇంకా పోవాలా అన్నది తేల్చుకోకుండా ముందుకు వెళ్లకు.

వెళ్లిన కొత్తలో పెట్టవలసిన సొమ్ము వేరే ఖాతా. విమాన టికెట్లు, మొదటి వారాల తాత్కాలిక వసతి, ఇంటి డిపాజిట్ (జర్మనీలో అది మూడు నెలల కోల్డ్ రెంట్ దాకా ఉండవచ్చు), సామాను, చలి దుస్తులు, ఇవన్నీ మొదటి జీతం రాకముందే ఖర్చవుతాయి. ఇవి పోగా మూడు నెలల ఇంటి ఖర్చూ, నలుగురి తిరుగు టికెట్ల డబ్బూ ముట్టుకోకుండా పక్కన ఉంచుకోవాలి. వీసా ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది కనుక ఉద్యోగం పోతే దానికీ ముప్పే. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవాడికి మరో దారి చూసుకోవడానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. పిల్లలను బడి మాన్పించి, ఇల్లు ఖాళీ చేసి తిరిగి రావడానికి ఆ కొద్ది రోజుల్లో డబ్బు కోసం వెతుక్కోకూడదు. ఇక్కడి అప్పుల వాయిదాలు, పెద్దవాళ్లకు పంపేది, ఏడాదికో రెండేళ్లకో నలుగురూ వచ్చి వెళ్లే ఖర్చు కూడా నెలకింత అని పంచి బడ్జెట్‌లో వేయి. వీటిని అప్పుడు చూసుకుందాంలే అని వదిలేస్తే నీ మిగులు అంకె అబద్ధమవుతుంది.

అంత లెక్కా అయ్యాక ఎంత మిగిలితే వెళ్లవచ్చునంటే, నా అంచనా చెబుతాను. పన్నులూ కోతలూ పోయి చేతికొచ్చే జీతంలో అద్దె మూడో వంతు లోపు ఉంటే నిశ్చింత. నలభై శాతమైతే ఇరుకు, ఒక్క జీతం మీద నడిచే ఇంటికి యాభై శాతం అపాయం. అన్నీ పోగా నెలకు పదో వంతయినా మిగలకపోతే, ఒక్క జ్వరమో పాడైన ఒక్క వాషింగ్ మెషీనో అప్పు తెప్పిస్తుంది. అటువంటి ఆఫర్‌కు కుటుంబంతో వెళ్లవద్దనే అంటాను. అక్కడి అనుభవం, పిల్లల చదువు, ఎప్పటికైనా స్థిరపడే అవకాశం వంటి కారణాలతో తక్కువ మిగులుకు ఒప్పుకోవడం తప్పు కాదు, అయితే ఎన్నేళ్లు అలా నడపగలరో ముందే అనుకోండి.

అంకె చాలడం లేదని తేలితే వెంటనే కాదనకు, అడుగు. జీతం పెంచడానికి కంపెనీకి కట్టుబాట్లు ఉండవచ్చు గానీ, ఒకసారి ఇచ్చే సొమ్ము విషయంలో చాలా కంపెనీలు మెత్తబడతాయి. నలుగురి వీసా రుసుములు, సర్‌చార్జీలు, టికెట్లు, మొదటి రెండు నెలల వసతి, బడి ఫీజులో వాటా, ఇవి పేరుపేరునా అడుగు. జీతం చాలడం లేదని పొడిగా చెప్పడం కంటే, నువ్వు వేసిన బడ్జెట్ కాగితాన్ని ముందు పెట్టి ఎక్కడ ఎంత తగ్గుతోందో చూపిస్తే నీ మాటకు బరువు వస్తుంది. అప్పటికీ కుదరకపోతే నువ్వు ముందు వెళ్లి, ఇల్లూ బడీ చూసి, విద్యా సంవత్సరం చివర వాళ్లను తీసుకువెళ్లే దారి ఉంది. రెండు చోట్ల రెండు కాపురాల ఖర్చు ఎన్ని నెలలు భరించగలవో చూసుకుని దానికి ఒక గడువు పెట్టుకో.

సంతకం చేసే ముందు హెచ్‌ఆర్‌కు ఒక ఈమెయిల్ రాయి. నెలకు చేతికొచ్చే జీతానికి నమూనా పే స్లిప్ పంపగలరా, బోనస్ హామీయా లేక కంపెనీ ఇష్టమా, ఆరోగ్య బీమా భార్యాపిల్లలకు మొదటి రోజు నుంచే ఉంటుందా, ప్రొబేషన్‌లో ఉద్యోగం పోతే తిరుగు ప్రయాణం ఎవరిది, ముందే మానేస్తే తరలింపు ఖర్చులు వెనక్కి కట్టాలా అని అడుగు. ఫోన్‌లో చెప్పిన మాటలను కూడా తిరిగి ఈమెయిల్‌లో రాసి, అవునని వారి చేత రాయించుకో. వాళ్ల జవాబులూ మీ ఇద్దరి బడ్జెట్ కాగితమూ కలిపి నాకు పంపు, వరుస వరుసా చూసి ఏది తగ్గించి రాశారో చెబుతాను.

ఇట్లు,
మీ బాబాయి