డాక్టర్ సలహా: రైడ్ల కంటే ముందు అత్తమ్మ పాదాలు చూడండి

ప్రశ్న: మాది అనంతపురం. మే రెండో వారంలో బెంగళూరు అవతల బిడదిలో ఉన్న వండర్‌లా వినోద పార్కుకు ఇంటిల్లిపాదీ కారులో వెళ్దామనుకుంటున్నాం. మా అత్తమ్మకు 61 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్, బీపీ. పొద్దున గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన షుగర్ మాత్ర, బీపీకి ఇంకో మాత్ర వేసుకుంటారు. మనవడితో పాటు రైడ్లు ఎక్కుతానంటున్నారు. గుండెకు ఏమైనా అవుతుందేమోనని నాకు టెన్షన్. బాబుకు ఏడేళ్లు, ఈత రాదు. అన్నట్టు, ఈ మధ్య నడిచేటప్పుడు చెప్పు జారిపోయినా అత్తమ్మకు తెలియట్లేదు. వయసు వల్లేనా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు చివర్లో మామూలుగా రాసిన ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. చెప్పు జారినా తెలియకపోవడాన్ని వయసు మీదికి నెట్టేయకండి. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకు పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. మీ అత్తమ్మకు జరుగుతున్నది బహుశా అదే. అందుకే నాకు రైడ్ల కంటే అక్కడి నేల గురించే ఎక్కువ భయం.

నీళ్ల ఆటల దగ్గర అందరూ చెప్పులు విప్పేస్తారు. మిట్టమధ్యాహ్నం సిమెంటు నేల కాలుతుంటే మీరూ నేనూ ఎగిరి పక్కకు దూకుతాం. ఆమె మాత్రం హాయిగా నిలబడి మనవణ్ని చూస్తూ ఉంటారు. రాత్రికి బొబ్బలు లేస్తాయి, అప్పుడు కూడా నొప్పి తెలియదు. ఎండాకాలంలో గుడి చుట్టూ ఉత్త కాళ్లతో ప్రదక్షిణ చేసి, మూడో రోజు చీము పట్టిన పాదంతో వచ్చినవాళ్లకు నేను కట్లు కట్టాను. ఒకామె బొటనవేలు తీసేయాల్సి వచ్చింది. కాబట్టి వెనక పట్టీ ఉన్న, నీళ్లలో తడిసినా ఫర్వాలేని చెప్పులు కొనివ్వండి. విప్పక తప్పని చోటికి ఆమెను తీసుకెళ్లకండి. రాత్రి వెలుతురులో రెండు పాదాలూ, వేళ్ల సందులూ మీరే చూడండి.

ఇక తిండి సంగతి. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరే హడావిడిలో చాలామంది మాత్ర మింగేసి, దారిలో తినొచ్చులే అనుకుంటారు. గ్లిమిపిరైడ్ వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. మాత్ర లేవగానే కాదు, ఎక్కడ టిఫిన్ తింటే అక్కడే వేసుకోవాలి. ఉగ్గాణి ఒక్కటే తింటే బొరుగులు త్వరగా అరిగిపోతాయి, తోడుగా ఉడకబెట్టిన శనక్కాయలు పెట్టండి. చాలా పార్కుల్లో బయటి తిండి లోపలికి రానివ్వరు. షుగర్ ఉందని గేటు దగ్గరే చెప్పి, డాక్టరు రాసిన చీటీ చూపించండి. చెమటలు, వణుకు, గుండెదడ, పొంతన లేని మాటలు కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకూ తేరుకోకపోతే మళ్లీ ఇచ్చి, తర్వాత అన్నం పెట్టండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా పార్కులోని ప్రథమ చికిత్స కేంద్రానికి చెప్పి, 108కి ఫోన్ చేయండి.

మన అనంతపురం వాళ్లం ఇంకో చోట మోసపోతాం. ఇక్కడ 40 డిగ్రీల ఎండకు అలవాటుపడ్డ ఒంటికి బెంగళూరు చల్లగా తోస్తుంది, దాహం గుర్తుకురాదు. నీళ్లలో ఆడుతున్నా చెమట పోతూనే ఉంటుంది. గంటకోసారి మీరే అడిగి నీళ్లు తాగించండి. వాంతులో విరేచనాలో అయితే ఓఆర్ఎస్ ఇవ్వండి, పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆ పేరును అలాంటి పానీయాల మీద వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఆ తల్లి చేసిన మేలు చిన్నది కాదు.

గుండె గురించి అడిగారు. బీపీ అదుపులో ఉండి, స్టెంటు, ఛాతీనొప్పి, మెడ, నడుము సమస్యలు లేకపోతే నెమ్మదిగా తిరిగేవి ఎక్కొచ్చు. తలకిందులు చేసేవి, ఒక్కసారిగా కిందికి పడేసేవి వద్దు. బీపీ మాత్ర ఆ రోజు మానేయకూడదు.

బాబు విషయంలో ఒక్కటే మాట. అలల కొలనులో పెద్దవాళ్లు ఒకరు చేయి చాస్తే అందేంత దూరంలోనే ఉండాలి, ఫోన్ లాకర్లో పెట్టేసి. మునిగిపోయే పిల్లలు కేకలు వేయరు, నిశ్శబ్దంగా కిందికి జారిపోతారు. గాలి ట్యూబు ఉందని నమ్మొద్దు.

ప్రయాణానికి ఇంకా టైముంది కదా, ఈ వారమే అత్తమ్మను మీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి పాదాల స్పర్శ పరీక్ష చేయించండి. సన్నని నైలాన్ దారంతో అరికాలిని తాకి చూస్తారు. నొప్పి ఉండదు, ఐదు నిమిషాల పని.