యుద్ధం అయిపోయాక కూడా పసిపిల్లలు ఎందుకు పోతున్నారు?

మీరు అడిగింది ఇది: యుద్ధం ఆగి పదేళ్లు దాటిన దేశాల్లో కూడా పురిటిబిడ్డలు, ఐదేళ్లలోపు పిల్లలు అంతమంది ఎందుకు చనిపోతున్నారు, మందులూ తిండీ పంపితే సరిపోదా అని. నేను పిల్లల వార్డు నర్సుని. 2011 నుంచి 2013 దాకా పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేశాను. నేను చూసిన ఆ ఒక్క దేశం గురించే చెబుతాను.

అక్కడ అంతర్యుద్ధం 1991లో మొదలై 2002 జనవరిలో ముగిసింది. నేను వెళ్లేసరికి తొమ్మిదేళ్లు గడిచాయి. తుపాకీ కనపడదు, బడులు నడుస్తున్నాయి, సంత రోజు కాలు పెట్టే చోటుండదు. మా వార్డులో మాత్రం వానలు పట్టుకుంటే ఒక్కో మంచం మీద ఇద్దరేసి ముగ్గురేసి పిల్లలు. మే నుంచి అక్టోబరు దాకా వానలే, వానలతో పాటు మలేరియా.

పిల్లలు అక్కడేదో వింత రోగంతో పోరు. పుట్టగానే ఊపిరి తీసుకోలేకపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకడం, పురిటిబిడ్డల్ని ఎక్కువగా తీసుకుపోయేవి ఇవే. కాస్త పెద్ద పిల్లలకి మలేరియా, న్యుమోనియా, విరేచనాలు. చాలామందికి వీటి వెనక సరైన తిండి లేకపోవడం కూడా ఉంటుంది. అన్నిటికీ వైద్యం ఉంది, చాలావాటికి ఖరీదు కూడా తక్కువే. అందుకే మందులు పంపితే చాలదా అని మీకు అనిపించింది. వెళ్లిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను.

ఒక జూలై రాత్రి కుండపోత వానలో ఒక తల్లి ఒకాడా మీద వచ్చింది. అద్దెకు తిప్పే మోటారు సైకిల్‌ని అక్కడ ఒకాడా అంటారు. వీపున లప్పా గుడ్డతో కట్టుకున్న రెండేళ్ల బాబు. గుడ్డ విప్పి వాడి అరచేయి లైటు కింద పెట్టి చూశాను. ఎరుపన్నది లేదు, నా చేతి పక్కన మైనంలా ఉంది. ఎగశ్వాస. అప్పటికే రెండుసార్లు ఫిట్స్ వచ్చాయట. నాలుక కింద తడిపిన చక్కెర పెట్టి, నరం దొరకబుచ్చుకుని సూది వేశాం. హిమోగ్లోబిన్ 3 గ్రాములే, ప్రాణం మీదికొచ్చేంత తక్కువ. రక్తం ఎక్కించాలి, నిల్వ లేదు. అక్కడ రక్తం అంటే ఇంటివాళ్లు ఇవ్వాల్సిందే. వెనక ఇంకో బండి మీద వచ్చిన తండ్రిది అదృష్టవశాత్తూ సరిపోయింది. తెల్లారేసరికి బాబు లేచి కూచుని అన్నం కోసం ఏడ్చాడు. ఆ ఏడుపు విని వార్డులో అందరం నవ్వుకున్నాం.

జ్వరం ఎప్పటినుంచి అని తల్లిని అడిగితే ఆరు రోజులంది. మొదట గంపలో మందులు పెట్టుకుని ఊళ్లు తిరిగే అతని దగ్గర ఏవో మాత్రలు కొన్నారు. తర్వాత నాటువైద్యుడు ఆకు పసరు ఇచ్చాడు. ఫిట్స్ వచ్చాక బయల్దేరారు. నాకు విసుగొచ్చి మా సీనియర్ నర్సుతో అనేశాను, జ్వరం రాగానే నేరుగా ఇక్కడికి రావచ్చు కదా అని. ఆవిడ సిరంజీలు సర్దుతూనే చెప్పింది: "యుద్ధంలో వాళ్ల ఊరి హెల్త్ పోస్టు తగలబెట్టారు. అక్కడి నర్సు పక్క దేశం గినీకి పారిపోయింది. నాటువైద్యుడు మాత్రం ఎక్కడికీ పోలేదు. పదేళ్లూ ఆ ఊరికి అతనే దిక్కు. ఇప్పుడు మేము తిరిగొచ్చి బోర్డు పెట్టగానే వాళ్లు మమ్మల్ని నమ్మాలా?" కాసేపాగి, "ఆ నర్సుని నేనే" అంది.

మీ ప్రశ్నకి నా జవాబు దాదాపు అదే. ఆసుపత్రి గోడలు ఏడాదిలో లేస్తాయి. నర్సు తయారవడానికి మూడేళ్లు పడుతుంది, ఆమెకి నేర్పేవాళ్లు మిగిలి ఉంటేనే. పోయిన నమ్మకం తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్క కట్టలేం. ఇంకొకటి, మా దగ్గరికొచ్చే తల్లుల్లో చాలామంది యుద్ధంలో పుట్టి పెరిగిన పిల్లలే. కొందరు శరణార్థి శిబిరాల్లో పెరిగారు, కొందరికి తల్లి లేదు. బిడ్డ పాలు తాగడం మానేస్తే ప్రమాదం, వెంటనే లేవండి అని చెప్పే పెద్దదిక్కు ఇంట్లో లేదు.

డబ్బు భయం కూడా చిన్నది కాదు. 2010 ఏప్రిల్ 27న, వాళ్ల స్వాతంత్ర్య దినం రోజున, ప్రభుత్వం గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ ఐదేళ్లలోపు పిల్లలకీ వైద్యం ఉచితం చేసింది. జనం నిజంగానే రావడం మొదలుపెట్టారు. కానీ మా దగ్గర నెలాఖరుకి మందులు అయిపోయేవి. బయట కొనుక్కురమ్మని నా చేత్తో చీటీలు రాశాను. ఆ చీటీ పట్టుకుని వెళ్లిన తల్లి మళ్లీ రాదు, పక్కింటి వాళ్లకీ చెబుతుంది. అందుకే మందులు పంపడం అవసరమే అంటాను. కాకపోతే ఒకసారి ఓడ నిండా పంపి చేతులు దులుపుకుంటే కుదరదు, ఏ నెలా ఆగకుండా రావాలి.

పురిటిబిడ్డల సంగతి వేరు. వాళ్లలో చనిపోయే ప్రతి నలుగురిలో ముగ్గురు మొదటి వారంలోనే పోతారు. బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలోనే ఒళ్లు తుడిచి, వీపు రుద్ది, అప్పటికీ ఊపిరి అందకపోతే అంబూ బ్యాగ్‌తో, అంటే ముఖానికి మాస్కు ఆనించి చేత్తో నొక్కే సంచితో, గాలి ఇవ్వాలి. ఆ బ్యాగ్ మా ప్రసూతి గదిలో ఉండేది, తాళం వేసిన అలమారలో. పోతుందేమో అని తాళం. తాళంచెవి తెచ్చేలోపు ఒక ఆడపిల్ల మా చేతుల్లోనే పోయింది. మర్నాడే దాన్ని గోడకి మేకు కొట్టి తగిలించాం. వస్తువు ఉండటం వేరు, చేతికి అందడం వేరు. అది నాకు ఆ పిల్ల నేర్పింది. ఇన్నేళ్లయినా ఆ రాత్రి తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

నెలలు నిండని పిల్లలకి ఇంక్యుబేటర్ ఉన్నా కరెంటు ఉండేది కాదు. జెనరేటర్ ఆగితే గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సంట్రేటర్ మిషన్ కూతపెట్టి ఆగిపోయేది. అందుకే బిడ్డని తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఆనించి కట్టే కంగారూ కేర్ మీదే ఆధారపడ్డాం. 1978లో కొలంబియాలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలకే ఆ పద్ధతి మొదలుపెట్టారు. కిలో మూడు వందల గ్రాముల పిల్లాడొకడు, తల్లికి కాన్పులో చాలా రక్తం పోయి లేవలేని పరిస్థితి. అమ్మమ్మ ముందుకొచ్చింది. లప్పాతో బిడ్డని గుండెకి కట్టుకుని పదకొండు రోజులు కూర్చునే నిద్రపోయింది. గంటగంటకీ వాడి పాదం పట్టుకుని వెచ్చగా ఉందో లేదో చూసేది. ఆ వార్డులో అంతకంటే నమ్మకమైన మిషన్ నేను చూడలేదు.

నేను తిరిగొచ్చాక 2014లో ఎబోలా అనే ప్రాణాంతకమైన అంటువ్యాధి వచ్చింది. ఆ దేశంలో 3,900 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో 200 మందికి పైగా వైద్య సిబ్బందే. ఆసుపత్రికి వెళ్తే ఎబోలా అంటుకుంటుందని జనం రావడం మానేశారు. వార్డు ఖాళీగా ఉందని మా సీనియర్ ఫోన్లో చెబితే నాకు గుండె జారింది. జబ్బులు తగ్గలేదు, పిల్లలు ఇళ్లలోనే పోతున్నారు. అయినా తర్వాత పరిస్థితి మెరుగుపడింది. 2013 సర్వేలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 156 మంది ఐదేళ్లు నిండకుండా చనిపోతుంటే, 2019 సర్వేకి అది 122కి తగ్గింది. ఇప్పటికీ చాలా ఎక్కువే.

ఎబోలా అప్పుడు మా సీనియర్ ఎక్కడికీ వెళ్లలేదు. ఇప్పుడు పురిటిబిడ్డల గది ఆవిడ చేతిలోనే ఉంది. ఈ మధ్య మాట్లాడినప్పుడు, ఆ బాబు వాళ్ల ఊరి నుంచి పిల్లల్ని జ్వరం వచ్చిన రెండో రోజే తీసుకొస్తున్నారని చెప్పింది. పంపిస్తున్నది ఆ నాటువైద్యుడేనట.