సున్నపురాయి లెక్కలో 22.4 ఎందుకు పనికిరాదంటే

తమ్ముడూ, చిత్తూరు నుంచి నువ్వు పెట్టిన లెక్క చూశాను. 50 గ్రాముల కాల్షియం కార్బొనేట్ (అదే సున్నపురాయి) 1200 కెల్విన్ దగ్గర, 1 అట్మాస్ఫియర్ పీడనంలో పూర్తిగా విడిపోతే వాయువు చేసే పని ఎంత అని కదా, నీకు 1.13 కిలోజూల్స్ వచ్చింది, కీలో వేరేగా ఉంది. మోల్స్ కరెక్టే. ఒక మోల్ రాయి 100 గ్రాములు కాబట్టి 50 బై 100, అంటే 0.5 మోల్ కార్బన్ డయాక్సైడ్. తప్పంతా 22.4 లీటర్లు వేయడంలోనే ఉంది, ఒక మోల్ వాయువు అంత చోటు ఆక్రమిస్తుందనేది 273 కెల్విన్ దగ్గరి మాట. తిరుపతిలో నా దగ్గర ట్యూషన్‌కు వచ్చే పిల్లలు కూడా ఆ నంబరు కనిపించగానే వేసేస్తారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక్కడ వాయువు బట్టీ వేడిలో ఉంది, 11.2 లీటర్లు కాదు, దాదాపు 49 లీటర్లు ఆక్రమిస్తుంది. మొదట ఉన్న రాయి ఎంతని? 18 మిల్లీలీటర్లు, గుప్పిట్లో పట్టేస్తుంది, అందుకే ఘనపదార్థాల ఘనపరిమాణం వదిలేస్తాం. ఇక పని అంటే పీడనం ఇంటూ పెరిగిన ఘనపరిమాణం, అంటే మోల్స్ ఇంటూ ఆర్ (వాయు స్థిరాంకం) ఇంటూ టీ (కెల్విన్‌లో ఉష్ణోగ్రత): 0.5 × 8.314 × 1200 = 4988 జూల్స్, సుమారు 5 కిలోజూల్స్. వాయువు బయటి గాలిని నెడుతోంది కాబట్టి కెమిస్ట్రీ పుస్తకం పద్ధతిలో మైనస్ గుర్తు పెట్టు, ఫిజిక్స్ పేపరైతే ప్లస్. ఇదే రాయిని గట్టిగా మూసేసిన పాత్రలో వేడిచేస్తే మాత్రం పని సున్నా, పీడనం ఎంత పెరిగినా సరే.