స్కూలు కోసం నల్లగండ్లలో ఫ్లాట్ కొనాలా? మా కొండాపూర్ అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. హైదరాబాద్‌కి తూర్పున ఉన్న ఉప్పల్‌లో అత్తమామలతో సొంతింట్లో ఉంటున్నారు. మీ వారి ఉద్యోగం ఊరికి పడమట, ఐటీ ఆఫీసులుండే రాయదుర్గంలో. పాప వచ్చే జూన్‌లో ఒకటో తరగతి. "మంచి స్కూళ్లన్నీ అటువైపే ఉన్నాయి" అని అందరూ చెవిలో పోరుతున్నారు. అటే ఉన్న నల్లగండ్లలో 1.2 కోట్ల ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇవ్వాలా, లేక ఉన్నచోటే ఉండి తార్నాక, హబ్సిగూడ వైపు ఏదో ఒక స్కూల్లో వేయాలా అని అడిగారు.

అడ్వాన్స్ ఇవ్వకండి. కనీసం ఈ ఏడాది వద్దు. ఇదే పని సగం చేసి వెనక్కి వచ్చినవాళ్లం కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

2017 మేలో, మీ ఉప్పల్ పక్కనే నాగోల్‌లో ఉన్న మా అత్తగారింటి నుంచి, నల్లగండ్ల వైపే ఉన్న కొండాపూర్‌కి మారాం. బాబుకి ఒకటో తరగతి. మా ఆయన ఆఫీసు రాయదుర్గం, నా బ్యాంకు బేగంపేట. అప్పటికి మా వైపు మెట్రో పిల్లర్లు లేచాయి గానీ రైలు ఇంకా మొదలు కాలేదు. ఆయన బండి మీద వెళ్లి వచ్చేసరికి రోజుకి మూడు గంటలు రోడ్డు మీదే అయిపోయేవి. దానికి తోడు కొండాపూర్‌లో ఒక పెద్ద స్కూలు చూశాం. స్విమ్మింగ్ పూల్, ఏసీ క్లాసులు, రిసెప్షన్‌లో తోలు సోఫాలు. నాకైతే అక్కడే మనసు పడిపోయింది. పక్క వీధిలో డబుల్ బెడ్‌రూం అద్దెకు తీసుకున్నాం, 22 వేలు, మెయింటెనెన్స్ వేరే. నేను మాత్రం ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో హైటెక్ సిటీ స్టేషన్ నుంచి బేగంపేటకి హాయిగా వెళ్లొచ్చేదాన్ని, అబద్ధం చెప్పకూడదు.

కొనేద్దామని కూడా చాలా దూరం వెళ్లాం. టెక్సస్‌లో ఉండే మా ఆడపడుచు ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట: "మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ చూసి కొనండి వదినా, ఇంటి రేటు దానంతటదే పెరుగుతుంది." ఆమె ఊరికి అది నిజమే. అక్కడ ప్రభుత్వ స్కూల్లో సీటు ఇంటి అడ్రస్‌ని బట్టి వస్తుంది, ఇంటి పన్నులోంచి పెద్ద వాటా ఆ డిస్ట్రిక్ట్ స్కూళ్లకే పోతుంది. అంటే ఇంటి ధరలోనే స్కూలు ధర కూడా కలిసి ఉన్నట్టు. మనకి అలా కాదు కదా. నల్లగండ్లలో కోటి ఇరవై పెట్టి కొన్నా, ఎదురుగా ఉన్న స్కూలు వాళ్లు సీటు ఇస్తామని రాసివ్వరు, ఫీజులో రూపాయి తగ్గించరు. ఇంటికి వేరే, స్కూలుకి వేరే, రెండు చోట్లా పూర్తి డబ్బులు కట్టాల్సిందే. బిల్డర్ బ్రోచర్‌లో "5 నిమిషాల్లో ఇంటర్నేషనల్ స్కూల్" అని రాస్తే బాల్కనీలోంచి స్కూలు బోర్డు కనబడుతుందని అర్థం, అంతే.

పోనీ దగ్గరగా ఉంటే బస్సు బాధైనా తప్పుతుంది కదా అంటారేమో. స్కూలు మా ఇంటికి మూడు కిలోమీటర్లు. బస్సు మాత్రం కొత్తగూడ జంక్షన్ చుట్టూ తిరిగి, నాలుగు గేటెడ్ కమ్యూనిటీల ముందు ఆగి, చివరికి మా వీధికి వచ్చేది. ఎక్కించుకునేటప్పుడు మా వాడే మొదటివాడు, దింపేటప్పుడు కూడా చివరివాడే. రూటు అలా వేశారు. యాభై నిమిషాలు. చాలా రోజులు ఆయమ్మ వాడిని నిద్రలోనే ఎత్తి నా చేతికి అందించేది, ఒక చేత్తో వాణ్ణి, ఇంకో చేత్తో టిఫిన్ బ్యాగు పట్టుకుని. నెల రోజులు చూసి స్కూటీ కొన్నాం. కాబట్టి ఎక్కడైనా సరే "ఎన్ని కిలోమీటర్లు" అని అడగకండి. "మా స్టాపు మొదటిదా చివరిదా, పాప ఎన్నింటికి ఎక్కాలి, ఎన్నింటికి దిగుతుంది" అని ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిని అడగండి.

ఇక చదువు సంగతి. వాడి మూడో తరగతి లెక్కల నోట్‌బుక్ ఇప్పటికీ మా బీరువాలో ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎర్ర ఇంకుతో గుండ్రటి సంతకం. దసరా దాకా ఇంకో సంతకం, వాలుగా. ఆ తర్వాత ఆరు వారాలు సంతకమే లేదు, తప్పులు తప్పులుగానే ఉన్నాయి. 8x7=54 అని మూడు పేజీల్లో రాశాడు, ఒక్కరూ కొట్టెయ్యలేదు. జనవరిలో మూడో టీచర్ వచ్చింది, ఆకుపచ్చ ఇంకు. ప్రిన్సిపాల్‌ని అడిగితే "అట్రిషన్ మేడం, ఇండస్ట్రీ అంతా ఇలాగే ఉంది" అన్నారు, అంటే టీచర్లు మానేసి వెళ్లిపోతున్నారని. స్కూలుని ఇండస్ట్రీ అనడం నేను అదే మొదటిసారి వినడం. లక్షా పది వేలు ఫీజు కడుతున్నాం. పూల్ మాత్రం చక్కగా నీలంగా ఉంది.

అన్ని పెద్ద స్కూళ్లూ ఇంతే అని నేననను. కానీ ఆ రోజు నుంచి స్కూలు చూడటానికి వెళితే బిల్డింగ్ చూడటం మానేశాను. సాయంత్రం బడి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడతాను. ఎవరైనా అయిదో తరగతి పిల్లాడి అమ్మ కనబడితే "నోట్స్ ఒకసారి చూడొచ్చా?" అని అడుగుతాను. ఎవరూ కాదనరు, పైగా వాళ్ల బాధలన్నీ చెప్పుకుంటారు. టీచర్లు ఎన్నేళ్లుగా ఉన్నారో వాచ్‌మన్‌కి తెలిసినంతగా అడ్మిషన్ కౌన్సెలర్‌కి తెలియదు. ఇంకో మాట, ఒకే పేరుతో ఊరంతా బ్రాంచీలున్న స్కూళ్లలో పేరు చూసి లాభం లేదు. మీరు వేసే బ్రాంచి, దానికున్న ప్రిన్సిపాల్, అంతే.

తర్వాత ఏమైందంటే, 2019 మార్చిలో మెట్రో హైటెక్ సిటీ దాకా వచ్చింది, నవంబరులో రాయదుర్గం దాకా. మేము కొండాపూర్ వెళ్లడానికి ఉన్న రెండు కారణాల్లో ఒకటి అలా పోయింది. నాగోల్‌లో ఎక్కితే ఆయన ఆఫీసు దగ్గర దిగొచ్చు, నేను దారిలో బేగంపేటలో దిగిపోవచ్చు. రెండోది 2020లో పోయింది. స్కూలుకి దగ్గరని అప్పటికి 26 వేలైన అద్దె కడుతూ, మా వాడు బెడ్‌రూంలో ఫోన్ పెట్టుకుని క్లాసులు విన్నాడు. ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలనెలా తీసుకోవాలని, పెంచొద్దని ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది. మా స్కూలు మిగతా ఖర్చులన్నీ ట్యూషన్ ఫీజులోనే కలిపేసి బిల్లు పంపింది. ఆ కాగితం చూశాక సామాన్లు సర్దేశాం. కొని ఉంటే? ఆ ఫ్లాట్‌కి అద్దెకొచ్చేవాళ్లు దొరక్క, ఈఎంఐ కట్టుకుంటూ, అక్కడే కూర్చునేవాళ్లం.

మీ లెక్క కూడా ఒకసారి వేసి చూద్దాం. 1.2 కోట్లలో 30 లక్షలు మీవి, 90 లక్షలు లోను అనుకోండి. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అంటే ఈఎంఐ దాదాపు 78 వేలు. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 9 లక్షలు. ఇంకా కడుతున్న ఫ్లాట్ అయితే 5 శాతం జీఎస్టీ, మరో 6 లక్షలు. ఇంటీరియర్స్ మాట ఎత్తను. అదే ఇంట్లో అద్దెకుంటే 35 వేలు అనుకున్నా, నెలకి 43 వేలు తేడా, ఏడాదికి 5 లక్షల పైమాట. కొన్న ఇల్లు చివరికి మీదవుతుంది, నిజమే. కానీ ఫీజు కట్టాల్సిన పదేళ్లలోనే ఈ తేడా కూడా మీ మీద పడుతుంది. ఒకటో తరగతిలో లక్ష ఫీజు, ఏటా 10 శాతం పెరిగితే, పదో తరగతికి 2.36 లక్షలు. పదేళ్లకి కలిపి దాదాపు 16 లక్షలు. యూనిఫాం, పుస్తకాలు, బస్సు, ఎక్స్‌కర్షన్ వేరే. ఈఎంఐ, ఫీజు రెండూ కలిసి మీద పడ్డాయంటే మొదట కోత పడేది స్కూలు ఫీజు మీదే. మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరు పిల్లల్ని అయిదో తరగతిలో తక్కువ ఫీజు స్కూలుకి మార్చారు, ఇంటి లోను కట్టడానికి. స్కూలు కోసం కొన్న ఇల్లే స్కూలు మాన్పించింది.

పైగా మన దగ్గర పది అవ్వగానే చాలామంది పిల్లలు ఇంటర్‌కి జూనియర్ కాలేజీల్లో చేరిపోతారు. ఎంపీసీ అయినా బైపీసీ అయినా అదే కథ. అంటే మీరు వెతుకుతున్న స్కూలు పదేళ్లకే, లోను ఇరవై ఏళ్లకి.

నల్లగండ్ల నుంచి రాయదుర్గానికి మెట్రో లేదన్నది కూడా గుర్తుంచుకోండి. మ్యాపులో దగ్గరే. పొద్దున 9 గంటలకి గచ్చిబౌలి వైపు కారులో ఒకసారి వెళ్లి చూడమనండి మీ వారిని. ఉప్పల్‌లో అయితే మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారే పని కూడా లేకుండా, కూర్చుని నిద్రపోతూ వెళ్లొచ్చు. ఇంకా ఎండాకాలంలో అటువైపు నీళ్ల ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో ఎంత వేస్తున్నారో అక్కడ ఉండేవాళ్లనే అడగండి, బిల్డర్‌ని కాదు.

మీ వైపు స్కూళ్ల గురించి. మీ ఇద్దరిలో ఎవరైనా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే ముందు ఉప్పల్ కేంద్రీయ విద్యాలయాల్లో అప్లై చేయండి. వాళ్లకి మొదటి ప్రాధాన్యం ఉంటుంది, ఖర్చు నెలకి వందల్లోనే. కాకపోతే తార్నాక, హబ్సిగూడ వైపు పాత స్కూళ్లు చూడండి. మేము 2020లో తిరిగొచ్చి బాబుని అలాంటి ఒకదాంట్లో నాలుగో తరగతిలో వేశాం. పాత బిల్డింగ్, గ్రౌండ్‌లో దుమ్ము, వెబ్‌సైట్ చూస్తే నవ్వొస్తుంది. ఫీజు కొండాపూర్‌లో కట్టినదానిలో సగం. లెక్కల మేడం పద్దెనిమిదేళ్లుగా అక్కడే ఉన్నారు. చేరిన నెలకే నన్ను పిలిచి "వీడికి ఎక్కాలు రావు, రోజూ రాత్రి అన్నానికి ముందు చెప్పించండి" అన్నారు. ఆ మాట ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

పోగొట్టుకున్నవి లేవా అంటే ఉన్నాయి. ఈత మధ్యలో ఆగిపోయింది. కొండాపూర్ స్నేహితుల్లా గడగడా ఇంగ్లీషు మాట్లాడడు. తెలుగు మాత్రం తాతయ్య పక్కన కూర్చుని పేపర్ చదివేంత వచ్చింది. నా సంగతంటారా, అత్తగారింట్లో ఉంటే అద్దె లేదని ఎవరన్నారు? వేరే రూపంలో కడతాం, అదీ రోజూ. కానీ సాయంత్రం నాలుగింటికి బస్సు దిగిన పిల్లాడికి తలుపు తీసే మనిషి ఇంట్లో ఉంది. కొండాపూర్‌లో ఆ పనికి డేకేర్‌కి నెలకి 7 వేలు ఇచ్చాను.

ఇదంతా చదివి నేను అటువైపు కొనడానికే వ్యతిరేకమని అనుకోకండి. మా బ్యాంకులో ఒకావిడ తెల్లాపూర్‌లో కొన్నారు, సంతోషంగా ఉన్నారు. భార్యాభర్తలిద్దరి ఉద్యోగాలూ అటే, పెద్దవాళ్లు ఊళ్లో ఉంటారు, స్కూలు ఏదైనా అక్కడే ఉండేవాళ్లు. పిల్లలు లేకపోయినా ఆ ఇల్లు కొనేవాళ్లమే అని మీకు అనిపిస్తే కొనండి. ఇంకా అనుమానంగా ఉంటే ఒక్క ఏడాది ఉప్పల్ ఇల్లు అలాగే ఉంచి, అటు అద్దెకు వెళ్లి చూడండి. ఏడాది అద్దె, ప్యాకర్స్ ఖర్చు పోతాయి, అంతే. అడ్మిషన్లు చాలా స్కూళ్లలో దసరా నుంచే మొదలవుతాయి కాబట్టి గేటు దగ్గర నిలబడే పని ఇప్పుడే మొదలుపెట్టండి.

మా వాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. పది అయ్యాక ఇంటర్‌కి మాదాపూర్‌లో కాలేజీ కావాలట, అప్పుడే ఇల్లు మారదామా అని అడుగుతున్నాడు. మెట్రో కార్డు కొనిస్తానన్నాను.