పన్ను పీకే ముందు చెవి ముందు వేలు పెట్టు

హనుమకొండ

చిట్టీ,

జమ్మికుంటలో క్లినిక్ తెరిచావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. సంక్రాంతి వెళ్ళగానే సకినాలు కొరికి దవడ పట్టుకున్నవాళ్ళు నీ గుమ్మంలో వరుస కడతారు. అందరిదీ పన్ను నొప్పి కాదు, కొందరిది చెవి ముందుండే దవడ కీలు నొప్పి. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండో ఏడు పరకాల నుంచి ఒకామె వచ్చి, కింది దవడ పన్ను చూపించి పీకెయ్యమంది. ఎక్స్‌రేలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఆమె ఏడుపు చూడలేక పీకాను. పది రోజులకు మళ్ళీ వచ్చి, బుగ్గకు అరచెయ్యి ఆనించుకుని, "పన్ను పోయింది డాక్టరమ్మా, నొప్పి పోలేదు" అంది. అప్పుడు చెవి ముందు వేలు పెట్టి నోరు తెరవమన్నాను. కీలు ఇసుక నలిగినట్టు గరగరలాడింది.

దవడ కీలు, పళ్ళు, కణత... వీటి బాధను మోసేది ఒకటే ట్రైజెమినల్ నరం. ఆ తీగల కణాలు పుర్రె అడుగున ఒకే ముడిలో పక్కపక్కనే కాపురముంటాయి. కీలు వాచినప్పుడు అక్కడి కణాలు సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని వదులుతాయి. అది చుట్టూ ఉన్న శాటిలైట్ కణాలను రేపుతుంది, వాటితో పాటు పొరుగు నాడీకణాలూ రేగుతాయి. ఒక ఇంట్లో రోకటి పోటు పడితే పక్కింటి అటక మీద గిన్నెలు గలగలమన్నట్టు! ఇంకా పైన, మెదడు కాండంలో, మెడ పైభాగపు నరాలు కూడా వచ్చి కలుస్తాయి. అందుకే కొందరు మెడ పట్టేసిందంటారు, కొందరు చెవిపోటని తిరుగుతారు. చాలాకాలం రేగిన నరాలు కీలు వాపు తగ్గినా అంత త్వరగా ఊరుకోవు. ఎక్స్‌రేలో కీలు అరుగుదల ఎంత ఉందో చూసి నొప్పిని తూచకు.

అనుమానంగా ఉంటే పన్ను దగ్గర మత్తు సూది వేసి చూడు. పన్ను మొద్దుబారినా నొప్పి నిలిచే ఉంటే దాని పుట్టుక వేరే చోట. నోరు ఎంత తెరుస్తున్నారో కొలిచి రాసుకో, నలభై మిల్లీమీటర్లకు బాగా తగ్గితే కీలు వైపు చూడాలి. జొన్న రొట్టెను పాలలో నానబెట్టి తినమను. వేడి కాపడం, కొద్ది రోజులు వాపు తగ్గించే మాత్రలు. నమలనప్పుడు పెదవులు కలిసినా పళ్ళు కలవకూడదని చెప్పు. ఈ ఒక్క మాట నేను నా రోగులకు విసుగు పుట్టేదాకా చెప్పేదాన్ని.

యాభై దాటినవాళ్ళు కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ అలసట, చూపు మసక అంటే ఆ రోజే పెద్దాసుపత్రికి పంపు. నడిస్తే దవడ లాగుతుందంటే ముందు గుండె చూపించుకోమను.

ఆ పరకాల ఆమెకు ఫీజు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. మరుసటి వానాకాలం సంచి నిండా మక్క కంకులు తెచ్చి, "మీరు తినండి, నేను కొరకలేను కదా" అని నవ్వింది.

మీ పెద్దమ్మ