బేబీ కార్న్ వేసే అమ్మాయికి

చిరంజీవి అమ్మలుకు ఆశీస్సులు.

పెరట్లో బేబీ కార్న్ వేస్తానని రాశావు, చాలా సంతోషం. ఇది వేరే జాతి మొక్కేమీ కాదు తల్లీ. మామూలు మొక్కజొన్న పొత్తునే గింజ పట్టకముందు కోస్తే బేబీ కార్న్. అందుకే పెంచడం కన్నా కోయడం దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి.

స్వీట్ కార్న్ విత్తనమైనా సరిపోతుంది, కాకపోతే మొక్కకు ఒకటి రెండు పొత్తులే వస్తాయి. బేబీ కార్న్ కోసమని అమ్మే రకాలైతే రెండు మూడు దాకా ఇస్తాయి. ఇరవై మొక్కలకు తక్కువ వేయకు. వొలిచాక ఒక్కో పొత్తు పది గ్రాములు కూడా తూగదు, నాలుగు మొక్కలు వేస్తే కూరకు చాలదు.

రోజంతా ఎండ తగిలే చోటు చూడు. చదరపు మీటరుకు నాలుగైదు కిలోల మాగిన పశువుల ఎరువు కలిపి, 45 సెంటీమీటర్ల ఎడంలో సాళ్లు తీసి, సాలులో 20 సెంటీమీటర్లకు రెండేసి గింజలు, 3 సెంటీమీటర్ల లోతున పెట్టు. మొలిచాక బలమైన దాన్ని ఉంచి రెండోదాన్ని కత్తిరించెయ్, పీకితే పక్కదాని వేరు కదులుతుంది. స్వీట్ కార్న్ గింజలో పిండి తక్కువ, చల్లటి తడినేలలో ఇట్టే కుళ్లిపోతుంది. మొలక వచ్చేదాకా నీరు నిలవనివ్వకు.

మోకాలెత్తు వచ్చినప్పుడు మొక్క మొదలు దగ్గర వర్మీకంపోస్ట్ వేసి మట్టి ఎగదోయి, గాలికి పడిపోదు. పూత ముందు మళ్లీ కాస్త వెయ్యి. కింది ఆకులు కొస నుంచి మధ్య ఈనె వెంట పసుపెక్కితే నత్రజని చాలలేదని అర్థం.

కత్తెర పురుగు మీద మాత్రం కన్నేసి ఉంచు. రెండు రోజులకోసారి సుడి, అంటే మొక్క నడుమ చుట్టుకుని ఉండే లేత ఆకులు, విప్పి చూడు. ఆకుల మీద తెల్లటి పొరలాంటి మచ్చలు, చిల్లులు, సుడిలో రంపపు పొట్టులాంటి రెట్ట కనిపిస్తే లోపల పురుగున్నట్టే. చేత్తో ఏరెయ్. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట సుడిలోకి పడేలా కొట్టు. పురుగు చిన్నగా ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది.

వేసిన 45 నుంచి 60 రోజుల మధ్య మొక్క పైన మగపూత వస్తుంది. పై ఆకులోంచి బయటపడగానే, పుప్పొడి రాలకముందే పట్టుకుని నిలువుగా లాగెయ్. ఆకులు మాత్రం దానితో ఊడి రాకూడదు, పొత్తుకు తిండి పెట్టేవి అవే. అన్ని మొక్కలకూ ఒకేరోజు పూత రాదు గనుక రోజూ చూడాలి. పుప్పొడి పడితే గింజ కట్టి పొత్తు ముదురుతుంది. ఒకవేళ పెద్ద పొత్తులు కూడా కావాలంటే పూత తీయకు. పై పొత్తును ముదరనిచ్చి, కింది వాటిని లేతగా కోసుకో.

ఇక కోత. పొత్తు సైజు చూసి కోయకు, పైన ఆకు పొరలు దాన్ని పెద్దదిగా చూపిస్తాయి. పీచు చూడు. కొసన పీచు బయటికొచ్చి రెండు మూడు సెంటీమీటర్లు ఉన్నప్పుడు, అంటే ఒకటి నుంచి మూడు రోజుల్లోపు కోసెయ్యాలి. ఎండలు గట్టిగా ఉంటే మొదటి రోజే. మొదటిసారి ఒకటి కోసి వొలిచి చూసుకో: చిటికెన వేలంత లావు, 7 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, వరసలు సన్నగా, లేత పసుపు రంగులో ఉండాలి. పొత్తు మొదలు దగ్గర కోసేటప్పుడు కత్తికి గట్టిగా తగిలితే లోపల బెండు ముదిరినట్టు, మిగతావి అదే రోజు కోసెయ్. పీచు రానే లేదంటే ఇంకా సన్నగా ఉంటుంది, ఆగు.

పొద్దున్నే కొయ్యి. ఒక చేత్తో కాండం పట్టుకుని, రెండో చేత్తో పొత్తును కిందికి వంచి మెలిపెడితే విరుగుతుంది. గుంజితే కాండం చీలి కింద రావాల్సిన పొత్తులు పాడవుతాయి. పైది తీసిన రెండు నుంచి నాలుగు రోజుల్లో కిందిది సిద్ధమవుతుంది, ఈ వారం పది రోజులూ ఊరెళ్లే పని పెట్టుకోకు.

వండే ముందు దాకా ఆకు పొరలు వొలవకు, గాలి తగిలితే వాడి గోధుమ రంగుకు తిరుగుతుంది. అలాగే సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నాలుగైదు రోజులు బాగుంటుంది. కోతలయ్యాక పచ్చి చొప్ప పశువులకు వెయ్యొచ్చు, లేదంటే ముక్కలు చేసి కంపోస్టులో వెయ్యి.

ఇట్లు,
మీ పెద్దనాన్న