నాలుగు గంటల నిద్ర చాలంటున్న మా సుజాతకు

చిరంజీవి సుజాతకు,

పగలు కర్నూల్లో ఉద్యోగం, రాత్రి రెండింటి దాకా గ్రూప్ టూ చదువు, ఆరింటికి మళ్లీ లేవడం అని మీ నాయన చెప్పినాడు. మన ఇంటి పిల్ల డిప్యూటీ తాసిల్దారు అవుతుందంటే సంతోషంతో ఇంకో ముద్ద ఎక్కువే తిన్నా. అంతలోనే, "పెద్దనాయనకు చెప్పు, వారం కష్టమైంది, ఇప్పుడు నిద్రే రావట్లేదు, అలవాటైపోయింది" అన్నావంట. ఆ ముద్ద గొంతులోనే ఆగిపోయింది.

రాత్రిపూట టీ తగ్గించు, ఫోను వేరే గదిలో పెట్టు. ఇవి నీకూ తెలుసు.

నీకు తెలియనిది చెప్తా. 1987లో నేను ఒక శనక్కాయల మిల్లులో గుమాస్తాను. కాయ దిగే కాలం, రాత్రంతా బండ్లు వస్తూనే ఉండేవి. మూడు వారాలు నాలుగైదు గంటలకు మించి పడుకోలేదు. మొదట్లో కళ్లు మండినాయి, నడుస్తుంటే తూలినా. తర్వాత అదీ పోయింది. ఒళ్లు మనం చెప్పినట్టే వింటుందని మీ పెద్దమ్మ దగ్గర గొప్పలు కూడా పోయినా.

ఒక తెల్లవారుజామున సరుకు చూస్తే చిట్టాలో ఉన్నదానికి నలభై బస్తాలు తక్కువ. మూడుసార్లు కూడినా, మూడుసార్లూ నలభయ్యే. "నా లెక్క తప్పదు" అని యజమాని ముందు గట్టిగా చెప్పినా. కాటా దగ్గర ఆ రాత్రి ఉన్న హమాలీని అప్పుడే పంపించేసినారు, వారం కూలీ కూడా పట్టుకున్నారు. అతను ఒక్కసారి నావైపు చూసినాడు, ఏమీ అనలేదు. నేను మటుకు హాయిగా టీ తాగినా.

కాలం అయిపోయినాక రెండు రోజులు ఒళ్లు తెలియకుండా పడుకుని వచ్చి చిట్టా తెరిస్తే అక్కడే కనపడింది. ఒకే ట్రాక్టరు, రాత్రి పదకొండుకు ఒకసారి, రెండుంబావుకు ఇంకోసారి. అదే నంబరు, అవే నలభై బస్తాలు. రెండో వరుసలో నా అక్షరాలు పెళ్లి పత్రికలో మాదిరి కుదురుగా ఉన్నాయి. తప్పు కూడికలో లేదు కాబట్టి ఎన్నిసార్లు కూడితే ఏం దొరుకుతుంది? యజమానికి చెప్పి, కూలీ డబ్బులు తీసుకుని హమాలీ ఇంటికి పోయినా. తాళం. బెంగుళూరుకు పనికి పోయినారన్నారు. మళ్లీ కనపడలేదు.

ఈ మధ్య మన డాక్టరల్లుడితో ఈ మాట అంటే, 2003లో పెన్సిల్వేనియాలో 48 మంది మీద చేసిన పరిశోధన చెప్పినాడు. కొందరిని రోజుకు నాలుగు, కొందరిని ఆరు, కొందరిని ఎనిమిది గంటలే పడుకోనిచ్చినారంట, 14 రోజులు. ఆరు, నాలుగు గంటలవాళ్ల చురుకు రోజురోజుకూ దిగజారింది, రెండు రాత్రులు అస్సలు నిద్ర లేనివాళ్ల స్థాయి దాకా. మగతగా ఉందా అని అడిగితే మటుకు, మొదటి కొన్ని రోజుల తర్వాత పెద్దగా పెరగలేదనే చెప్పినారంట. నీ "అలవాటు" అదే తల్లీ. తూకం రాయే అరిగిపోతే తూకం తగ్గిందని ఎవరు చెప్తారు?

నమ్మకపోతే ఒక పని చేయి. రాత్రి ఒంటిగంటకు పాత ప్రశ్నలు ఇరవై రాసి, జవాబులు చూడకముందే ఎన్ని ఒప్పు అనుకుంటున్నావో పక్కన వేసుకో. ఆదివారం బాగా నిద్రపోయి లేచినాక ఇంకో ఇరవై అట్లే రాయి. తర్వాత నన్ను తిట్టు. ఎన్నింటికి పడుకోవాలో కూడా పగలే కాగితం మీద రాసి గోడకు అంటించు, రాత్రి నీ మనసును అడగొద్దు.

నా అసలు భయం నీ స్కూటరు. కళ్లు తెరిచి ఉండగానే మెదడు రెండు మూడు సెకన్లు కునుకు తీస్తుందంట. నలభై మీద పోయే బండి మూడు సెకన్లలో 33 మీటర్లు పోతుంది. సరిగ్గా నిద్రపోని రోజు ఆటోలో పో. డబ్బులు నేను పంపిస్తా, మీ నాయనకు చెప్పొద్దు.

పెద్దమ్మ శనక్కాయల ఉండలు చేసింది, శనివారం బస్సులో పంపిస్తా. ఇకనుంచి రోజూ రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేస్తా. ఎత్తినావంటే తిడతా.

ఆశీస్సులతో,
పెద్దనాయన